ముఖం ఆఖరున గీయండి: ఉభయచరం లాంటి గ్రహాంతర జీవిని ఊహించే పద్ధతి

గ్రహాంతర జీవిని గీయమంటే ఎక్కువమంది చెయ్యి ముందు ముఖం మీదికే పోతుంది. రెండు పెద్ద కళ్లు, ఆకుపచ్చ తోలు, వేళ్ల మధ్య పొర. పది నిమిషాల్లో బొమ్మ తయారు. కానీ అది కప్ప వేషం కట్టిన మనిషి, అంతే. దాన్ని చూపించి "ఇది నీళ్లెట్లా తాగుతుంది? ఎండాకాలం ఎక్కడ దాక్కుంటుంది? దీని పిల్ల ఎట్లా ఉంటుంది?" అని అడిగితే గీసినవాళ్ల దగ్గరే జవాబుండదు.

కప్పలు, తోకతో ఉండే సాలమాండర్లు, కాళ్లే లేని సిసిలియన్లు: ఉభయచరాల్లో ఉన్నవి ఈ మూడు రకాలే. మూడింటికీ ఒంటి తీరును నిర్ణయించేది తడి తోలు. ఆ తోలు ఎండకుండా ఉండాలంటే నీళ్లెప్పుడు ఉంటాయో తెలియాలి. అందుకే ఇక్కడ పని నీళ్లతో మొదలవుతుంది, ముఖం దగ్గర ముగుస్తుంది.

పాలమూరు, నల్లగొండ వైపు వాళ్లకు ఇందులో ఒక సుళువుంది. చెరువు నిండి మత్తడి దుంకడం, ఆర్నెల్లకు అదే చెరువు అడుగు నెర్రెలు బారడం ఏటా కళ్లముందు జరిగేదే. నీళ్లు వచ్చిపోయే లోకంలో ఒళ్లు ఎట్లా ఉండాలన్నది ఉభయచరానికి అసలు ప్రశ్న. ఎప్పుడూ నిండుగా ఉండే సరస్సు పక్కన కూర్చుని ఆలోచిస్తే ఈ ప్రశ్న తట్టదు.

కావలసినవి: ఏ4 తెల్ల కాగితాలు 12, ట్రేసింగ్ కాగితాలు 4, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, స్కేలు, నల్ల స్కెచ్ పెన్ను, వాటర్ కలర్ పెట్టె, అవతలి వైపు కనిపించే ఎర్ర రంగు కాగితం ఒకటి. బంకమట్టి బొమ్మ కూడా చేస్తే కిలో మట్టి. తీరిగ్గా చేస్తే నాలుగు సాయంత్రాల పని.

ముందు నిజం కప్పను చూడండి

మిరుగం దాటి మొదటి గట్టి వాన పడ్డ రెండు మూడు రాత్రులు దీనికి మంచి అదును. వరిమడి ఒడ్డున, కుంట పక్కన టార్చి వేస్తే బోదురుకప్పలు దొరుకుతాయి. మగవి ఆ రోజుల్లో నిమ్మపండు పసుపులోకి మారి, గొంతు కింద రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బిస్తాయి. వీధి దీపం కింద పురుగుల కోసం కూర్చునే బొడిపెల కప్ప, స్నానాలగది గోడకు అతుక్కునే చెట్టుకప్ప కూడా చూడదగ్గవే. మూడూ కప్పలే, కానీ ఒకటి ఈదడానికి, ఒకటి నడవడానికి, ఒకటి ఎక్కడానికి తయారైన ఒళ్లు.

పట్టుకోవద్దు. బోదురుకప్పకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, చేతి ఉప్పు, సబ్బు దాని తోలులోంచి లోపలికి దిగుతాయి. బొడిపెల కప్ప తల వెనక గ్రంథుల పాలు కంట్లో పడితే మనకూ మంటే. పక్కన స్కేలు పెట్టి సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలు. ఫొటోలో అందని సంగతి ఒకటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి: 15 సెకన్లలో గొంతు ఎన్నిసార్లు ఎగిరిందో, ఆ సేపట్లో పక్కటెముకల చోటు కదిలిందా లేదా. ఈ లెక్క మూడో అడుగులో పనికొస్తుంది.

1. నీళ్ల క్యాలెండర్

మొదటి కాగితం మీద బొమ్మ వద్దు. 12 సెంటీమీటర్ల పొడవు గీత గీసి, దాన్ని గ్రహం మీద ఒక ఏడాది అనుకోండి. నీళ్లున్న కాలం నీలం, బురద కాలం గోధుమరంగు, పొడి కాలం ఖాళీ. అలవాటు కోసం ముందు మన చెరువుకు గీసి చూడండి. ఈ ప్రాంతంలో ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లు, అందులో చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. ఉత్తర కార్తె నాటికి చెరువు నిండితే, రోహిణికి అడుగు పగులుతుంది. కార్తెలతో ఆలోచించేవాళ్లకు ఇది ఐదు నిమిషాల పని.

గీత కింద ఐదు సంగతులు రాయండి: గురుత్వం భూమితో పోలిస్తే ఎంత, గాలి ఒత్తిడి ఎంత, గాలిలో ఆక్సిజన్ శాతం, వేడి ఎంత నుంచి ఎంత దాకా, నీళ్లలో ఏం కలిసి ఉంది. చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. నల్లగొండ జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు, నీళ్లలో ఉన్నది ఎముకలో రాసి ఉంటుందని. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే పళ్లు గార పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. నోటితో తాగే మనకే అట్లా ఉంటే, ఒళ్లంతటితో తాగే జీవికి నీటి గుణం ఇంకెంత పడుతుందో ఊహించండి. కుంటకో తీరు పళ్లు, కుంటకో తీరు నడక ఉన్న జాతిని ఇక్కడే పుట్టించవచ్చు. నీళ్లు ఉప్పువైతే ఇంకో చిక్కు. ఉభయచరాల్లో చాలావాటికి సముద్రం పడదు, తోలులోంచి ఒంట్లో నీళ్లు బయటికి లాగేస్తుంది. ఆగ్నేయాసియాలోని పీతలు తినే కప్ప మాత్రం రక్తంలో యూరియా నిలవచేసి దాన్ని తట్టుకుంటుంది. మీ జీవి సముద్రపుదైతే ఆ ఉపాయం అరువు తీసుకోక తప్పదు.

ఉదాహరణగా ఒక జీవిని వెంట తీసుకుపోదాం. పేరు తడిమేను. దాని లోకంలో ఏడాదిని 12 భాగాలు చేస్తే 5 నీళ్లు, 2 బురద, 5 పొడి. గురుత్వం 0.8. గాలి ఒత్తిడి 1.3 రెట్లు, అందులో ఆక్సిజన్ 24 శాతం, అంటే పీల్చే చోట దొరికే ఆక్సిజన్ మనకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు. సూర్యుడు చిన్నవాడు, ఎర్రటివాడు.

2. సైజు, బరువు

అందరూ జారిపడేది ఇక్కడే. కప్పను పట్టి సాగదీసి మనిషంత చేస్తే సరిపోదు. 10 సెంటీమీటర్ల కప్ప 100 గ్రాములనుకోండి. దాన్ని 160 సెంటీమీటర్లు చేస్తే పొడవు 16 రెట్లు, తోలు 256 రెట్లు, బరువు 4,096 రెట్లు. అంటే 400 కిలోలు దాటుతుంది, దున్నపోతుకు దగ్గర. పైగా ప్రతి గ్రాము కండకు దక్కే తోలు పదహారో వంతుకు పడిపోతుంది. తోలుతో ఊపిరి తీసే జీవికి అది చావుదెబ్బ.

నిజం జీవులు ఎక్కడిదాకా పోయాయో చూస్తే హద్దు తెలుస్తుంది. ఆఫ్రికాలోని గోలియత్ కప్ప ఇప్పుడున్న కప్పల్లో పెద్దది, సుమారు 32 సెంటీమీటర్లు, 3 కిలోలకు పైచిలుకు. చైనా జెయింట్ సాలమాండర్ 1.8 మీటర్ల దాకా పెరగగలదు, కానీ అది చల్లటి పారే నీళ్లలో, తక్కువ కదులుతూ, ఒంటి పక్కలా తోలు మడతలతో బతుకుతుంది. పెద్ద ఒళ్లు కావాలంటే ఈ మూడు షరతుల్లో రెండైనా ఒప్పుకోవాలి, లేదంటే గాలిలో ఆక్సిజన్ పెంచాలి.

తడిమేనుకు ముక్కు నుంచి పిర్ర దాకా 90 సెంటీమీటర్లు తీసుకున్నాం. కప్ప నిష్పత్తిలో అయితే 73 కిలోలు వస్తుంది. నడుము సన్నం చేసి, ఒళ్లు అణచి 40 కిలోలకు దింపాం. ఎముకల మందం కూడా లెక్కే: పొడవు రెట్టింపైతే బరువు 8 రెట్లు, కాబట్టి కాలి ఎముక అడ్డంగా 2 రెట్లు కాదు, సుమారు 2.8 రెట్లు లావు కావాలి. గురుత్వం తక్కువైతే అంత అక్కర్లేదు. బొమ్మలో పుల్లల్లాంటి కాళ్లు కనిపిస్తే ఈ లెక్క మరిచారని అర్థం.

3. తోలు, ఊపిరి

గాలి లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములే. నీళ్లు వేడెక్కిన కొద్దీ అదీ తగ్గుతుంది. మెడ పక్కన కుచ్చుల్లా వేలాడే మొప్పలు చూడ్డానికి బాగుంటాయి కాబట్టి అందరూ పెడతారు. అవి చల్లటి లోకంలో సరే. ఎండాకాలపు కుంట లాంటి వెచ్చటి నీళ్లలో వాటితో పెద్ద జీవి బతకలేదు. ఒడ్డుకు రాగానే ఆ కుచ్చులు తడిసిన వెంట్రుకల్లా ఒకదానికొకటి అంటుకుంటాయి, ఊపిరి ఆడదు. ఒడ్డు మీద తిరిగే పెద్దదానికి మొప్పలు పెట్టకండి, పిల్లదశకు దాచుకోండి.

తోలు విస్తీర్ణం పెంచే దారులు రెండున్నాయి. టిటికాకా సరస్సు కప్ప సైజుకు మించిన చొక్కా తొడుక్కున్నట్టు మడతలు మడతలుగా ఉంటుంది, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒళ్లు పైకీ కిందికీ ఊపి ఆ మడతల్లో నీళ్లు కదిలిస్తుంది. ఆఫ్రికాలో ఒక కప్ప మగదానికి తొడల మీద, పక్కల మీద వెంట్రుకల్లాంటి తోలు పోగులు వస్తాయి. తడిమేనుకు చంక నుంచి తొడ దాకా పక్కకు నాలుగేసి మడతలు పెట్టాం. ట్రేసింగ్ కాగితం మీద ఈ మడతలను విడిగా గీయండి, ఒళ్లు వంగినప్పుడు అవి ఎటు ముడుచుకుంటాయో తర్వాత సరిచూడొచ్చు.

ఇప్పుడు మీరు లెక్కపెట్టిన గొంతు సంగతి. కప్పకు మనలా ఛాతీ పొంగదు. పక్కటెముకల పంజరం లేదు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండ పొర, విభాజక పటలం కూడా లేదు. గొంతు కింది భాగాన్ని దింపి ముక్కుతో గాలి లాగి, ముక్కు రంధ్రాలు మూసి, గొంతు పైకెత్తి గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. కొలిమి తిత్తి అనుకోండి. దీన్నిబట్టి తల వెడల్పు, దవడ కింద సాగే తోలు, మెడ దాదాపు లేకపోవడం వాటంతటవే వస్తాయి. కండలు తిరిగిన ఛాతీ గీస్తే ఊపిరి తీసే పద్ధతే మారిపోయినట్టు.

గుండెకు రెండు కర్ణికలు (పై గదులు), ఒకే జఠరిక (కింది గది) పెట్టండి. మంచి రక్తం, చెడు రక్తం కొంత కలుస్తాయి. నీళ్లలో మునిగినప్పుడు ఊపిరితిత్తుల వైపు పోయే రక్తాన్ని తగ్గించుకోవడం ఈ ఏర్పాటుతో సులువు. కథ రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఇట్లాంటి జీవి ఒక్క దుంకు గొప్పగా దుంకుతుంది, కిలోమీటరు పరుగెత్తమంటే కూలబడుతుంది.

4. ఎముకలు

కప్ప వెన్ను చాలా పొట్టి. వెన్నుపూసలు సాధారణంగా 9, వాటి వెనక ఒకే పొడుగాటి ఎముక. కూర్చున్నప్పుడు వీపు మీద కనిపించే గూని, తుంటి ఎముకలు వెన్నుకు కలిసే చోటు. వెనక కాలికి తొడ, పిక్క, పొడుగాటి చీలమండ, పాదం: నాలుగు మడతలు. చీలమండను మామూలు మనిషి మడమలా గీస్తే దుంకుడు పోతుంది. బాగా దుంకే కప్పలకు చాపిన కాలు ఒంటికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది.

ముందు గీతలతో పుల్లబొమ్మ వేయండి, కీళ్ల దగ్గర చుక్కలు. కూర్చున్నది, ఈదేది, నాలుగు కాళ్ల మీద నడిచేది, మూడు భంగిమలకు అవే కొలతలు సరిపోతే ఎముకలు కుదిరినట్టే. ఒకదాంట్లో కాలు పొడుగు మారిందా, మొదటికి రండి.

ఆరు కాళ్లో, నాలుగు చేతులో కావాలనుకుంటే అభ్యంతరమేమీ లేదు. కానీ ప్రతి జతకూ ఒక భుజపుటెముకల కట్టు లోపల ఉండాలి, దాన్ని కదిపే కండకు చోటుండాలి. చొక్కాకు జేబు కుట్టినట్టు పక్కన చేతులు అతికిస్తే చూసేవాళ్ల కన్ను వెంటనే పట్టేస్తుంది, కారణం చెప్పలేకపోయినా సరే.

5. వేళ్లు

కప్పకు ముందు 4, వెనక 5. ఈదే కాలికి పొర వేలి కొస దాకా, పట్టుకునే చేతికి మొదట్లోనే ఆగాలి. ఎక్కేదానికి వేలి కొసన గుండ్రటి బిళ్ల. తవ్వేదానికి మడమ లోపలి వైపు గడ్డపార మొన లాంటి గట్టి బొడిపె. మన చెలకల్లో బొరియలు తవ్వే కప్పలకు అదే ఉంటుంది, వెనక్కి వెనక్కి జరుగుతూ మట్టిలో దిగిపోతాయి. తడిమేనుకు వెనక పాదంలో ఈ బొడిపె 4 సెంటీమీటర్లు.

6. పిల్లదశలు, ఎండ నెలలు

ఒకే కాగితం మీద, ఒకే కొలతలో ఐదు బొమ్మలు గీయండి: జిగురులో గుడ్డు, తోకకప్ప, మారుతున్న పిల్ల, పెద్దది, మట్టిలో నిద్రపోతున్నది. మొదట వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు. తోక ఊడిపడదు, ఒంట్లోకే కరిగిపోతుంది. ఆకులు, నాచు గీకి తినే పొడుగాటి పేగు, వేటకు తగినట్టు పొట్టిదవుతుంది. నోరు మారే ఆ రోజుల్లో పిల్ల ఏమీ తినదు, తోకే దాని సద్దిమూట.

మారుతున్న పిల్లను చాలామంది వదిలేస్తారు. నిజానికి ఐదింటిలో చూడదగ్గది అదే: నాలుగు కాళ్లు, సగం తోక, ఇంకా సాగని నోరు. తోక మొదలు లావుగా, కొస ముడతలుగా గీస్తే కరుగుతున్నట్టు కనిపిస్తుంది.

నీళ్లెప్పుడూ ఎండని లోకమైతే పిల్లదశలోనే పిల్లలు కనే దారి కూడా ఉంది. మెక్సికోలోని ఆక్సొలాటిల్ అదే చేస్తుంది, మొప్పలతోనే ముసలిదవుతుంది.

తడిమేనుకు ఐదు భాగాల పొడికాలం ఉంది కాబట్టి నిద్ర తప్పదు. ఆస్ట్రేలియాలో నీళ్లు దాచుకునే కప్ప మూత్రాశయంలో నీళ్లు నింపుకుని మట్టిలో దిగి, విడిచిన తోలు పొరలనే ఒంటి చుట్టూ గూడులా చేసుకుంటుంది. ఆ పొర ఉల్లిపొట్టులా పలచగా, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రం తెరుచుకుని ఉండేట్టు గీయండి. మోకాళ్లు పొట్ట కిందికి, చేతులు గడ్డం కిందికి. తడిమేను 40 కిలోల ఒంటికి ఇంకో 10 లీటర్లు దాచుకుంటుందనుకున్నాం. కాబట్టి నిద్రకు పోయేముందు పొట్ట ఉబ్బి, లేచేటప్పుడు పక్క మడతలు వేలాడుతూ ఉండాలి. రెండు బొమ్మల్లోనూ పొట్ట ఒకేలా ఉంటే నీళ్లెక్కడికి పోయాయని అడుగుతారు.

తాగడం సంగతి కూడా ఇక్కడే తేల్చండి. కప్ప నోటితో తాగదు. తొడల మధ్య, పొట్ట అడుగున ఉన్న పలచటి తోలును తడి నేలకు ఆనించి కూర్చుంటే నీళ్లు లోపలికి పోతాయి. వానలు మొగం చాటేసిన ఏడు కప్పతల్లి ఆడుతూ కప్పను రోకలికి కట్టి, ఇంటింటా బిందెలతో నీళ్లు పోస్తారు కదా, ఆ కప్పకు అది నిజంగానే దాహం తీరడం. తడిమేను ఇంట్లో కుర్చీ ఉండదు, తడిబండ ఉంటుంది. చుట్టం వస్తే మనం కాళ్లకు నీళ్లిచ్చి, తర్వాత తాగడానికి చెంబందిస్తాం. వాళ్లకు రెండూ ఒకటే మర్యాద.

7. రంగు

కప్ప ఆకుపచ్చ ఒక్క రంగు కాదు. పైన పసుపు కణాలు, కింద వెలుతురును నీలంగా వెనక్కి కొట్టే కణాలు, అడుగున నల్లవి. రంగులోనూ నీలం మీద పసుపే: ముందు పలచటి నీలం పూసి పూర్తిగా ఆరనివ్వండి, ఆ మీద నీళ్లు ఎక్కువ కలిపిన పసుపు, ఆరాక గోధుమ నలుపు మచ్చలు. ఆరకముందే పసుపు వేస్తే రెండూ కలిసి బురదవుతాయి. పొట్ట వైపు పాలిపోయిన రంగు.

తడి కనిపించాలంటే మెరుపు చుక్కలు చిన్నవిగా, అంచు తెగినట్టు ఉండాలి. కనుగుడ్డు మీద ఒకటి, మడతల వెన్ను మీద కొన్ని, ముక్కు కొసన ఒకటి. ఒళ్లంతా తెల్లగా రుద్దితే ప్లాస్టిక్ బొమ్మవుతుంది.

ఎర్ర సూర్యుడి కింద ఆకుపచ్చ, నీలం రెండూ ముదురుతాయి. అందుకే ఎర్ర కాగితాన్ని బొమ్మ మీద పరిచి చూడండి. ఏ మచ్చలు మాయమయ్యాయో అవి ఆ లోకంలో కనపడటం కష్టం. జత కోసం చూపించే రంగు అందులో ఉంటే దాన్ని పసుపుకో తెలుపుకో మార్చాల్సిందే. విష గ్రంథులు వేటాడేది ముందు కరిచే చోట పెట్టాలి, అంటే తల వెనక, భుజాల మీద. తోక కొసన విషం పెడితే తల పోయాక పనికొస్తుంది.

8. ఇప్పుడు ముఖం

కళ్లు నెత్తి మీదికి ఎందుకొచ్చాయంటే, ఒళ్లు నీళ్లలో దాచి కళ్లొక్కటే బయట పెట్టడానికి. ముక్కు రంధ్రాలు కూడా అదే ఎత్తులో ఉండాలి. పక్క నుంచి గీసి, స్కేలుతో నీటి గీత వేసి చూడండి. కళ్లు పైన, ముక్కు కింద ఉంటే మీ జీవి చూస్తూ మునిగిపోతుంది. కంటికి అడ్డంగా జరిగే పలచటి పొర పెట్టండి. కప్ప మింగేటప్పుడు కళ్లు లోపలికి కుంగి ముద్దను గొంతులోకి నెడతాయి, అందుకే కంటి కింద గట్టి ఎముక అరుగు గీయకండి. కంటి వెనక గుండ్రటి పలక దాని చెవి.

మాట దగ్గర కాస్త ఆగుదాం. కప్ప అరిచేటప్పుడు నోరు, ముక్కు మూసే ఉంటాయి. గాలి ఊపిరితిత్తుల నుంచి గొంతు సంచిలోకి, సంచిలోంచి మళ్లీ లోపలికి తిరుగుతుంది. కదిలే పెదాలు లేవు కాబట్టి ప, బ, మ లేవు. నాలుక ముందు దవడకు అతుక్కుని, విడి కొస గొంతు వైపు ఉంటుంది కాబట్టి త, ద, న, ల, ర, ట, డ కూడా కష్టమే. పాలమూరు అనమంటే ప, ల, మ, ర పోయి అచ్చులే మిగులుతాయి. నల్లగొండలో ఒక్క 'గొ' బతుకుతుంది. ఈ జాతికి పేర్లు పెట్టేటప్పుడు అచ్చులు, గొంతులోంచి వచ్చే క, గ, వాటి మధ్య విరామాల లెక్కతోనే పెట్టాలి. "గొ" రెండుసార్లు అంటే ఒకరు, మూడుసార్లు అంటే ఇంకొకరు.

మట్టి బొమ్మ

చెరువు రేగడి ఒక్కదానితో చేస్తే ఎండేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక కలపండి. లోపల ఇనుప తీగ పెడితే మట్టి ముడుచుకుంటుంది, తీగ ముడుచుకోదు, మోకాలి దగ్గర పటుక్కుమంటుంది. నలిపిన వార్తాపత్రిక ఉండ మీద మట్టి కట్టడం మేలు. తడిగోనె కప్పి నీడలో రెండు రోజులు, తీసి ఇంకో మూడు రోజులు. వార్నిష్ కళ్లకు, మడతల వెన్నుకు మాత్రం. లోపల తడి ఉండగా వార్నిష్ వేస్తే పొక్కులు లేస్తాయి.

తర్వాత ఏదైనా మార్చాలనిపిస్తే బొమ్మను చెరపకండి, మొదటి కాగితం మీద అంకె మార్చండి. తడిమేను లోకంలో నీళ్ల కాలాన్ని 5 నుంచి 9 చేసి చూస్తే, పొడికాలం ఒక్క భాగమే మిగులుతుంది, ఉల్లిపొట్టు గూడు అక్కర్లేదు, మడమ బొడిపె 1 సెంటీమీటరుకు తగ్గుతుంది, తోక సగం నిలుస్తుంది. మార్చాల్సింది నాలుగు, ఐదు, ఆరు అడుగుల్లో గీసిన కాగితాలు. ముఖం అట్లాగే ఉంచవచ్చు.